పళ్ళ పాచి నుంచి దవడ వాపు దాకా: నోటి సూక్ష్మజీవులు ఏం చేస్తాయి, ఎక్కడ ఆపాలి

పన్ను పాడైతే ‘పురుగు పట్టింది’ అంటాం. పంట్లో పురుగంటూ ఏదీ ఉండదు. కానీ ప్రాణమున్నదేదో పంటిని కొంచెం కొంచెంగా తినేస్తోందన్న ఊహ మరీ తప్పేమీ కాదు. 1683లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ పట్టణంలో ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్ అనే బట్టల వ్యాపారి తన పళ్ళ సందుల్లోంచి గీకిన తెల్లని ముద్దను నీటిలో కలిపి, సొంతంగా తయారు చేసుకున్న సూక్ష్మదర్శినిలో చూశాడు. అందులో చిన్న చిన్న జీవులు గుంపులుగా కదులుతున్నాయి. ఆ సంగతిని లండన్‌లోని రాయల్ సొసైటీ అనే శాస్త్రవేత్తల సంఘానికి ఉత్తరంలో రాశాడు. రోజూ ఉప్పుతో పళ్ళు రుద్దుకునే మనిషి ఆయన. అంత శుభ్రంగా ఉంచుకున్న నోట్లోనూ అవి ఉన్నాయి.

మీ నోట్లోనూ ఉన్నాయి, నా నోట్లోనూ ఉన్నాయి. మనుషుల నోళ్ళలో ఇప్పటివరకు గుర్తించిన బ్యాక్టీరియా దాదాపు 700 రకాలు. అన్నీ ఒకే నోట్లో ఉండవు. ఉన్నవాటిలో చాలావరకు మనకు హాని చేయవు. పైగా చోటంతా అవే ఆక్రమించుకుని, హాని చేసేవి స్థిరపడకుండా అడ్డుకుంటాయి. అందుకే ‘నోట్లో క్రిములన్నీ చంపేయండి’ అనే సలహా ఇక్కడ ఇవ్వడం లేదు. అది సాధ్యమూ కాదు, అవసరమూ లేదు. అసలు ప్రశ్న వేరే: వాటిని మనం కదపకుండా ఎంతసేపు వదిలేస్తున్నాం? యాసిడ్ తయారవడానికి నిమిషాలు చాలు. చిగుళ్ళు వాయడానికి రోజులు పడుతుంది. పంటిని పట్టి ఉంచే ఎముక కరగడానికి ఏళ్ళు పడుతుంది. చీము దవడ దాటి పాకడం మొదలైతే మాత్రం గంటల లెక్క. ఆ వరుసలోనే వెళ్దాం.

మొదటి అడుగు: పాచిని చూడండి

నీళ్ళ తొట్టె గోడకు పట్టే జిగురు పొరనీ పాచి అంటాం, పళ్ళకు పట్టేదాన్నీ పాచే అంటాం. రెండింటికీ ఒకే మాట ఉండడం ఎంత సరైనదో, వాటిని సూక్ష్మదర్శినిలో చూసినవాళ్ళకు అర్థమవుతుంది. రెండూ ఒకే తరహా నిర్మాణాలు. సూక్ష్మజీవులు ఒకదానికొకటి అతుక్కుని, తమ చుట్టూ తామే జిగురు అల్లుకుని, దానిలోపల బతుకుతాయి. తొట్టెలో ఎన్ని నీళ్ళు పోసి తిప్పినా పాచి పోదు, రుద్దితేనే పోతుంది. పళ్ళ సంగతీ అంతే. పుక్కిలిస్తే, మౌత్‌వాష్ వాడితే పాచి ఊడిపోతుందనుకోవడం పొరపాటు. ఆ ద్రవం పొర పైభాగాన్ని తాకుతుంది గానీ లోపలిదాకా సరిగా వెళ్ళలేదు.

తోమిన కొద్ది నిమిషాల్లోనే లాలాజలంలోని ప్రోటీన్లు పంటిమీద సన్నని పొరగా పరుచుకుంటాయి. ఇది మంచిదే, పంటికి రక్షణ. కానీ ఆ పొరను పట్టుకోవడం తెలిసిన కొన్ని స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియా రకాలు గంటల్లోనే వచ్చి అతుక్కుంటాయి. వాటిమీద మరికొన్ని చేరతాయి. ఒకటి రెండు రోజులు వదిలేస్తే పొర మందమై, లోపలికి ఆక్సిజన్ అందదు. అప్పుడు గాలి గిట్టని రకాలకు అనుకూలమైన చోటు దొరుకుతుంది. ఒక్క మిల్లీగ్రాము పాచిలో సుమారు 10 కోట్ల బ్యాక్టీరియా ఉంటాయి.

ఈ రాత్రి తోముకునే ముందు ఒక పని చేయండి. శుభ్రమైన గోటితో కింది ముందుపళ్ళ వెనక, చిగురుకు ఆనుకుని ఉన్న చోట మెల్లగా గీకండి. తెల్లగా, మెత్తగా వచ్చేదే పాచి. పాచికి రంగు పట్టించే బిళ్ళలు మందుల షాపుల్లో దొరుకుతాయి. నమిలి ఉమ్మేస్తే పాచి ఉన్న చోటల్లా ఎర్రగానో నీలంగానో కనిపిస్తుంది. ఒక్కసారి వాడితే చాలు, మీ బ్రష్ ఏ మూలకు చేరడం లేదో తెలిసిపోతుంది. చాలామందికి అవే చోట్లు: చిగురు అంచు, పళ్ళ సందులు, చివరి దవడపళ్ళ వెనక భాగం.

రెండో అడుగు: యాసిడ్ నిమిషాలు లెక్కపెట్టండి

పళ్ళు పుచ్చడం గురించి ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే, ఈ భాగం గుర్తుపెట్టుకోండి.

పాచిలోని బ్యాక్టీరియా మన పంటిని నేరుగా కొరకవు. అవి మనం తిన్న చక్కెరను తిని యాసిడ్‌ను వదులుతాయి. ఆ యాసిడ్ పంటి పైపొర అయిన ఎనామిల్‌లోని కాల్షియం, ఫాస్ఫేట్‌లను కరిగిస్తుంది. ఈ సంగతిని స్పష్టంగా వివరించినవాడు బెర్లిన్‌లో పనిచేసిన అమెరికన్ దంతవైద్యుడు విల్లోబీ మిల్లర్, 1890లో. 1924లో బ్రిటన్‌లో కిలియన్ క్లార్క్ పుచ్చిన పళ్ళలో ఒక బ్యాక్టీరియాను గుర్తించి స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ అని పేరు పెట్టాడు. మామూలు పంచదారతో ఇది రెండు పనులు చేస్తుంది. కొంత తిని యాసిడ్ చేస్తుంది, కొంతను నీటిలో కరగని జిగురుగా మార్చి పంటికి మరింత గట్టిగా అతుక్కుంటుంది. ఇదొక్కటే దోషి కాదు. లాక్టోబాసిల్లస్ వంటివీ, యాసిడ్‌ను తట్టుకోగల మరికొన్నీ దీనికి తోడవుతాయి.

చక్కెర ఒక్కటే పంటిని పుచ్చిస్తుందా? 1954లో ఫ్రాంక్ ఓర్లాండ్ బృందం ఏ బ్యాక్టీరియా లేకుండా పెంచిన ఎలుకలకు బాగా చక్కెర ఉన్న తిండి పెట్టింది. వాటి పళ్ళు పుచ్చలేదు. బ్యాక్టీరియా ఉంటేనే చక్కెర యాసిడ్ అవుతుంది, చక్కెర అందితేనే బ్యాక్టీరియా అంత యాసిడ్ చేయగలవు. మనం బ్యాక్టీరియాను లేకుండా చేయలేం కాబట్టి, మన చేతిలో మిగిలింది వాటికి పెట్టే తిండి.

ఆ తిండిలో ఎంత తిన్నామన్నదాని కంటే ఎన్నిసార్లు తిన్నామన్నది ముఖ్యం. ఎందుకో చూడండి. యాసిడ్ తీవ్రతను పీహెచ్ అనే అంకెతో కొలుస్తారు, అంకె తగ్గేకొద్దీ యాసిడ్ ఎక్కువ. ఎనామిల్ సుమారు 5.5 పీహెచ్ దగ్గర కరగడం మొదలవుతుంది. 1940లలో రాబర్ట్ స్టీఫన్ పాచి పీహెచ్‌ను కొలిచాడు. చక్కెర నీళ్ళతో పుక్కిలించిన కొన్ని నిమిషాల్లోనే అది ఈ గీత కిందికి పడిపోయింది. లాలాజలం దాన్ని మళ్ళీ మామూలు స్థితికి తేవడానికి అరగంట నుంచి గంట పట్టింది. అంటే చక్కెర వేసిన కాఫీ ఐదు నిమిషాల్లో తాగేస్తే పంటి మీద ఒక్క దాడి. అదే కప్పును పక్కన పెట్టుకుని రెండు గంటలపాటు గుక్క గుక్కగా తాగితే ఆ రెండు గంటలూ యాసిడే, ఆ తర్వాత కోలుకునే సమయం అదనం. చక్కెర అంతే, కప్పూ అంతే.

స్వీడన్‌లోని విపెహోల్మ్ సంస్థలో 1945 నుంచి 1953 వరకు జరిగిన అధ్యయనం కూడా ఇదే తేల్చింది. భోజనంతో పాటు తిన్న చక్కెర పళ్ళకు పెద్దగా నష్టం చేయలేదు. భోజనాల మధ్య తిన్న, పళ్ళకు అంటుకునే టాఫీలు మాత్రం పళ్ళను ఘోరంగా పుచ్చించాయి. ఆ సంస్థలో ఉన్నది మానసిక వైకల్యం ఉన్నవాళ్ళు. వాళ్ళ అనుమతి లేకుండానే ఈ ప్రయోగం చేశారు. మనం ఈరోజు సులువుగా చెప్పుకునే ఈ సలహా వాళ్ళ పళ్ళు పోగొట్టుకుంటే వచ్చింది. ఆ మాట చెప్పకుండా ఈ అధ్యయనం గురించి రాయడం నాకు సరికాదనిపిస్తుంది.

ఇప్పుడు మీరు చేయాల్సింది: ఒక రోజంతా, నీళ్ళు తప్ప ఏది నోట్లో పడినా టైమ్ రాసుకోండి. చక్కెర వేసిన టీ, బిస్కెట్, కూల్‌డ్రింక్, పళ్ళరసం, దగ్గు బిళ్ళ, అన్నీ. పది పన్నెండుసార్లు వచ్చిందంటే మీ పళ్ళకు కోలుకునే తీరికే ఉండడం లేదు. తీపి పదార్థాలను భోజనంతో కలిపేసి, రోజు మొత్తంలో నాలుగుసార్లకు మించకుండా చూసుకోండి. దాహానికి నీళ్ళే తాగండి. భోజనం తర్వాత చక్కెర లేని చూయింగ్ గమ్ నమిలితే లాలాజలం పెరిగి యాసిడ్ త్వరగా తగ్గుతుంది.

రాత్రి సంగతి వేరే. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది. పడుకునే ముందు తిన్న తీపి పంటిమీద పగటికన్నా ఎక్కువసేపు పనిచేస్తుంది. పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పసిపిల్లలకు పై ముందుపళ్ళు వరసగా పుచ్చిపోయేది ఇందుకే. బీపీకి, అలర్జీకి, డిప్రెషన్‌కు వాడే కొన్ని మందులు నోటిని ఎండబెడతాయి. అలాంటివి వాడేవాళ్ళకు పగలు కూడా రాత్రి లెక్కే. మందులు సొంతంగా మానేయకండి గానీ, నోరు ఎండిపోతోందని డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి.

తొలి దశలో పుచ్చు నల్లగా ఉండదు. పంటిమీద సుద్దలాంటి తెల్ల మచ్చ కనిపిస్తుంది, ఎక్కువగా చిగురు అంచున. ఎనామిల్ లోపల ఖనిజం తగ్గింది గానీ ఇంకా గుంట పడలేదన్నమాట. ఈ దశలో వెనక్కి మళ్ళించవచ్చు. లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేట్ తిరిగి ఆ చోట చేరతాయి. ఫ్లోరైడ్ ఉంటే ఆ పని త్వరగా, గట్టిగా జరుగుతుంది. గుంట పడ్డాక మాత్రం పన్ను దాన్ని తనంతట తాను పూడ్చుకోలేదు.

మూడో అడుగు: తోమే పద్ధతి సరిచేసుకోండి

ఇక్కడ పెద్ద రహస్యాలేమీ లేవు. మెత్తటి బ్రష్ తీసుకోండి. దాన్ని చిగురు వైపు 45 డిగ్రీలు వంచి, పంటికీ చిగురుకూ మధ్య ఉన్న అంచును బ్రష్ పోచలు తాకేలా పెట్టి, చిన్న చిన్న కదలికలతో రెండు నిమిషాలు తోమండి. గట్టిగా రుద్దితే పాచి ఎక్కువ పోదు, చిగురు మాత్రం కిందికి దిగిపోతుంది. మూడు నెలలకోసారి, లేదా పోచలు విచ్చుకుపోతే అంతకుముందే, బ్రష్ మార్చండి.

టూత్‌పేస్ట్ ట్యూబ్ వెనక ఫ్లోరైడ్ ఎంతుందో చూడండి. పెద్దవాళ్ళకు 1350 నుంచి 1500 పీపీఎం (పది లక్షల భాగాల్లో అన్ని భాగాలు) మంచిది, 1000కి తగ్గకూడదు. మూడేళ్ళలోపు పిల్లలకు బియ్యపుగింజంత, మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు బఠాణీగింజంత పేస్ట్ చాలు. తోమాక నురగను ఉమ్మేయండి, కానీ నీళ్ళతో పుక్కిలించకండి. అలా చేస్తే ఫ్లోరైడ్ పంటిమీద కాసేపు నిలుస్తుంది. మొదట్లో కొందరికి ఇది నచ్చదు, వారంలో అలవాటైపోతుంది.

రెండుపూటలా తోమాలి. ఒక పూట తప్పక తప్పిపోతే అది రాత్రి పూట మాత్రం కాకూడదు. పుల్లటి పళ్ళో, పళ్ళరసమో తీసుకున్న వెంటనే మాత్రం తోమకండి. యాసిడ్‌తో మెత్తబడిన ఎనామిల్ అరుగుతుంది. అరగంట ఆగండి.

పళ్ళ సందులకు బ్రష్ చేరదు. సందులు దగ్గరగా ఉంటే ఫ్లాస్ దారం, వెడల్పుగా ఉంటే సందుల్లో దూరే చిన్న బ్రష్ వాడాలి. రోజుకోసారి చాలు. దారాన్ని సందులోకి దించాక ‘సి’ అక్షరంలా పంటిని చుట్టి పైకీ కిందికీ రుద్దాలి. ఊరికే లాగి తీసేస్తే ఇరుక్కున్న తిండి పోతుంది గానీ పాచి ఉండిపోతుంది.

నాలుగో అడుగు: రక్తం కనిపిస్తే ఆగకండి

తోమేటప్పుడు చిగుళ్ళ నుంచి రక్తం వస్తే ఎక్కువమంది చేసే పని ఆ చోటును వదిలేసి తోమడం. దెబ్బ తగిలిన చోటును కాపాడుకోవాలనిపించడం సహజమే. కానీ ఇక్కడ అది పూర్తిగా తిరగబడుతుంది. రక్తం వచ్చేది బ్రష్ తగిలినందుకు కాదు, అక్కడ పాచి పేరుకుని చిగురు వాచినందుకు. వదిలేసేకొద్దీ పాచి పెరుగుతుంది, వాపు పెరుగుతుంది.

1965లో డెన్మార్క్‌లో హెరాల్డ్ లో అనే శాస్త్రవేత్త ఆరోగ్యంగా ఉన్న 12 మందిని పళ్ళు తోముకోవడం మానేయమన్నాడు. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ తోమడం మొదలుపెట్టాక సుమారు వారంలో తగ్గిపోయాయి. చిగుళ్ళ వాపుకు పాచే కారణమని, అది పోతే వాపు పోతుందని ఇంత సూటిగా చూపించిన ప్రయోగం మరొకటి చెప్పడం కష్టం. కాబట్టి రక్తం వచ్చిన చోటే మెత్తగా, ఓపికగా, రోజూ శుభ్రం చేయండి. రెండు వారాలు గడిచినా రక్తం ఆగకపోతే అక్కడ మీ బ్రష్‌కు అందనిదేదో ఉంది. డెంటిస్ట్ దగ్గరికి వెళ్ళాలి.

గర్భిణులకు హార్మోన్ల వల్ల కొద్దిపాటి పాచికే చిగుళ్ళు బాగా వాస్తాయి. పొగ తాగేవాళ్ళలో దీనికి వ్యతిరేకం. లోపల జబ్బు ముదురుతున్నా పొగ వల్ల చిగుళ్ళలో రక్తం పెద్దగా కనిపించదు. రక్తం రావడం లేదు కాబట్టి బాగున్నామనుకుంటారు. పొగ తాగేవాళ్ళు మన ఇంట్లో ఉంటే ఈ విషయం వాళ్ళకు గట్టిగా చెప్పాలి.

ఐదో అడుగు: గార, చిగుళ్ళ లోతు

తీయకుండా వదిలేసిన పాచిలోకి లాలాజలంలోని ఖనిజాలు చేరి అది రాయిలా గట్టిపడుతుంది. ఇదే గార. గార తానుగా చేసే హాని కంటే, గరుకుగా ఉండి కొత్త పాచికి ఇల్లవడం వల్ల జరిగే హాని ఎక్కువ. గట్టిపడ్డాక బ్రష్‌తో పోదు, క్లినిక్‌లో క్లీనింగ్ చేయించుకోవాల్సిందే.

క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయనే భయం చాలామందిలో ఉంది. ఆ భయానికి కారణం లేకపోలేదు. ఎముక అప్పటికే కరిగిపోయిన పంటిని గారే కదలకుండా పట్టి ఉంచుతుంటుంది. అది తీయగానే పన్ను కదులుతున్నట్టు, సందులు పెరిగినట్టు అనిపిస్తుంది. క్లీనింగ్ పంటిని వదులు చేయలేదు. జబ్బు ముందే వదులు చేసింది, ఇప్పుడు బయటపడింది, అంతే.

చిగురుకూ పంటికీ మధ్య సహజంగా 1 నుంచి 3 మిల్లీమీటర్ల సన్నని సందు ఉంటుంది. వాపు ఏళ్ళ తరబడి ఉండిపోతే కొందరిలో ఈ సందు లోతై సంచిలా మారుతుంది. 4 మిల్లీమీటర్లు దాటితే ఇంట్లో ఎంత తోమినా అడుగుదాకా చేరదు. ఆ చీకట్లో, గాలి తగలని చోట పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్, టానెరెల్లా ఫోర్సిథియా, ట్రెపోనెమా డెంటికోలా వంటి బ్యాక్టీరియా పెరుగుతాయి. వీటికి చక్కెర అక్కర్లేదు, వాచిన చిగురు నుంచి ఊరే ద్రవంలోని ప్రోటీన్లే తిండి. అంటే వాపు వాటిని పోషిస్తుంది, అవి వాపును పెంచుతాయి. వాటిని తరిమేయడానికి మన శరీరం చేసే పోరాటంలోనే పంటిని పట్టి ఉంచే ఎముక కరిగిపోతుంది. కరిగిన ఎముక చాలావరకు తిరిగి రాదు. నొప్పి ఉండదు కాబట్టి పన్ను కదిలేదాకా తెలియదు. నోటి దుర్వాసన, చిగుళ్ళు దిగి పళ్ళు పొడవైనట్టు కనిపించడం, పళ్ళ మధ్య కొత్త సందులు ముందస్తు గుర్తులు.

డయాబెటిస్ ఉన్నవాళ్ళకు ఇది రెండువైపులా నష్టమే. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ళ జబ్బు ముదురుతుంది, చిగుళ్ళ జబ్బు ముదిరితే షుగర్ అదుపు కష్టమవుతుంది. చెకప్‌లో చిగుళ్ళ లోతు కొలవమని అడగండి, ఆ అంకెలు రాసిపెట్టుకోండి. వచ్చేసారికి పోల్చి చూసుకోవచ్చు.

ఆరో అడుగు: నొప్పి, చీము, తెల్ల పొర, పొక్కులు

పుచ్చు ఎనామిల్ దాటి దాని కింది పొర అయిన డెంటిన్‌లోకి వెళ్ళాక చల్లటివీ తీపివీ తగిలితే జివ్వుమంటుంది. ఇంకా లోపల, నరాలూ రక్తనాళాలూ ఉండే గుజ్జును చేరితే రాత్రుళ్ళు నిద్ర పట్టనివ్వని నొప్పి వస్తుంది. ఆ తర్వాత ఒకరోజు నొప్పి ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. దయచేసి దీన్ని తగ్గిపోవడం అనుకోకండి. చాలాసార్లు గుజ్జు చచ్చిపోయినందుకే నొప్పి ఆగుతుంది. బ్యాక్టీరియా వేరు చివరినుంచి ఎముకలోకి దారి చేసుకుంటుంది, అక్కడ చీము పడుతుంది.

ఈ దశలో మిగిలిపోయిన యాంటీబయాటిక్ మింగి ఊరుకోవడం ప్రమాదకరం. చచ్చిన గుజ్జులో రక్తప్రసారం ఉండదు, మందు అక్కడికి చేరదు. వాపు తాత్కాలికంగా తగ్గినా మూలం అలాగే ఉంటుంది. రూట్ కెనాల్ చేసి లోపల శుభ్రం చేయాలి, లేదా పన్ను తీసేయాలి. చీము బయటికి పోయే దారి చేయాలి. చెంపమీద వేడి కాపడం పెట్టకండి, నొప్పి ఉన్న చోట చిగురుమీద మాత్ర ఉంచకండి. చిగురు కాలుతుంది.

సగం మాత్రమే బయటికొచ్చిన జ్ఞానదంతం మీద చిగురు మూతలా ఉంటుంది. దాని కింద తిండి, పాచి ఇరుక్కుని వాపు వస్తుంది, నోరు తెరవడం కష్టమవుతుంది. గోరువెచ్చని ఉప్పునీళ్ళతో పుక్కిలిస్తే కొంత ఉపశమనం ఉంటుంది, కానీ పదే పదే వస్తుంటే డెంటిస్ట్‌కు చూపించాలి.

నాలుకమీదా బుగ్గల లోపలా తుడిస్తే ఊడే తెల్ల పొర, కింద ఎర్రటి చర్మం కనిపిస్తే అది సాధారణంగా కాండిడా అనే ఫంగస్. యాంటీబయాటిక్స్ వాడాక, షుగర్ అదుపు తప్పినప్పుడు, రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు వస్తుంది. ఆస్తమాకు స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడేవాళ్ళు వాడిన ప్రతిసారీ నీళ్ళతో పుక్కిలించి ఉమ్మేయాలి. కట్టుడు పళ్ళు రాత్రి తీసి, రుద్ది కడిగి పెట్టాలి. వాటితోనే నిద్రపోతే అంగిలి ఎర్రబడుతుంది.

పెదవి అంచున గుంపుగా వచ్చే నీటి పొక్కులు హెర్పిస్ వైరస్ వల్ల. అంటుకుంటాయి. పొక్కులున్నన్ని రోజులూ పసిబిడ్డలను ముద్దు పెట్టుకోకండి, ఆ చేత్తో కళ్ళు తుడుచుకోకండి. నోటి లోపల వచ్చే చిన్న నోటిపూత మాత్రం అంటువ్యాధి కాదు, వారం పది రోజుల్లో మానుతుంది. ఏ పుండైనా, తుడిచినా పోని ఏ తెల్ల మచ్చైనా మూడు వారాలకు మానకపోతే తప్పకుండా చూపించండి. అది క్యాన్సర్ కాదని తేల్చుకోవడం అవసరం.

బ్యాక్టీరియాను చంపే క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ కొన్ని సందర్భాల్లో బాగా పనికొస్తుంది, ముఖ్యంగా ఆపరేషన్ తర్వాత తోమలేని రోజుల్లో. నెలల తరబడి వాడితే పళ్ళకు గోధుమరంగు మరకలు పడతాయి, రుచి మారుతుంది. డాక్టర్ చెప్పిన రోజులకే పరిమితం చేయండి.

గుండె కవాటం మార్పించుకున్నవాళ్ళు, గతంలో గుండె లోపలి పొరకు ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్ళు ఏ దంతచికిత్సకైనా ముందు ఆ సంగతి చెప్పాలి. నోటి బ్యాక్టీరియా రక్తంలోకి వెళ్ళి అక్కడ స్థిరపడే ప్రమాదం వాళ్ళకు ఎక్కువ. కొన్ని చికిత్సలకు ముందు వాళ్ళకు యాంటీబయాటిక్ ఇస్తారు.

ఏడో అడుగు: ఇక ఆగకూడని సమయం

కింది దవడపంటి చీము కొన్నిసార్లు నాలుక కింద, గడ్డం కింద ఉన్న ఖాళీల్లోకి పాకుతుంది. 1836లో జర్మన్ వైద్యుడు లుడ్విగ్ వర్ణించిన ఈ స్థితికి ఆయన పేరే ఉంది. నాలుక పైకీ వెనక్కీ నెట్టుకుపోయి ఊపిరి దారి మూసుకుపోవచ్చు. పంటినొప్పితో ప్రాణం పోతుందా అని అడిగేవాళ్ళకు సమాధానం ఇదే: అరుదుగా, కానీ పోతుంది.

గడ్డం కిందో మెడలోనో వాపు గంటగంటకూ పెరుగుతున్నా, మింగలేక చొంగ కారుతున్నా, నోరు తెరవలేకపోతున్నా, గొంతు మారినా, కన్ను మూసుకుపోయేంతగా ముఖం వాచినా, జ్వరంతో వణుకు వస్తున్నా డెంటిస్ట్ అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకండి. అర్ధరాత్రైనా ఎమర్జెన్సీ ఉన్న పెద్దాసుపత్రికే వెళ్ళండి. ఊపిరి ఆడడం కష్టంగా ఉన్న మనిషిని వెల్లకిలా పడుకోబెట్టకుండా, కూర్చోబెట్టే తీసుకెళ్ళండి.